ఆడియో మాత్రమే

పెద్ద వీడియోను చిన్నది చేయడంలో నన్ను మించినవాళ్ళు విజయవాడలో లేరని ఒకప్పుడు నాకు మహా పొగరుగా ఉండేది. ఆ పొగరు ఎలా దిగిందో రాద్దామని కూర్చున్నాను. ఎవరినో తిట్టడానికి కాదు. తిట్టవలసిన మనిషిని రోజూ అద్దంలో చూస్తూనే ఉన్నాను.

ఏలూరు రోడ్డు పక్క సందులో మాకొక జెరాక్స్ షాపు ఉంది. ముందున్న జెరాక్స్ మిషను మా ఆయనది, వెనక కర్టెన్ అవతలి కంప్యూటరు నాది. నెట్‌లో ఉన్న వీడియోలు దింపి, చిన్న ఫోన్లకు సరిపడేట్టు మార్చి, జనం తెచ్చుకున్న మెమరీ కార్డుల్లో ఎక్కించి ఇవ్వడం నా పని. అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చాక ఈ పని మూలపడిపోయిందనుకుంటారు. పూర్తిగా పడలేదు. బటన్ల ఫోను వదలని పెద్దవాళ్ళు, ట్రాక్టరులో పెన్‌డ్రైవు పెట్టుకుని దున్నేవాళ్ళు, హనుమాన్ జంక్షన్లో లారీ ఆపి బస్సెక్కి వచ్చే డ్రైవర్లు ఇప్పటికీ వస్తూనే ఉంటారు.

నా దగ్గర రెండు సాఫ్ట్‌వేర్లు ఉండేవి. ఒకదానిలో లింకు వేస్తే వీడియోను దింపుతుంది. రెండోది దాన్ని మారుస్తుంది. ఏ ఫోనులోకి కావాలో చెబితే ఆ తెరకు తగ్గట్టు కుదించి పెడుతుంది. బొటనవేలంత తెరలోకి దిగేసరికి మనుషుల ముక్కూ మొహం పోల్చుకోలేం, అయినా కార్డులో పట్టడం ముఖ్యం. అప్పటికీ పట్టకపోతే చివరి మార్గం ఒకటుంది, 'ఆడియో మాత్రమే' అని. అది నొక్కితే బొమ్మ తీసేసి పాట ఒక్కటీ ఉంచుతుంది. చోటు పదో వంతు కూడా పట్టదు. ఇంట్లో నూనె దగ్గరా పంచదార దగ్గరా నాకు చెయ్యి పెద్దదేగానీ, ఎంబీల దగ్గర మాత్రం పరమ పిసినారిని.

ఆ రెండో సాఫ్ట్‌వేరులో కింది మూలన చిన్న గడి ఒకటి ఉండేది. అందులో టిక్కు పెడితే, మార్చడం అయిపోగానే అసలు వీడియోను అదే చెరిపేస్తుంది. కొత్తలో ఒకసారి హార్డ్ డిస్కు నిండిపోయి కంప్యూటరు మొరాయించింది, షాపు నిండా జనం. ఆ రోజు పెట్టిన టిక్కును మళ్ళీ తీయలేదు. అసలుది నెట్‌లో ఉండనే ఉంటుంది, కావాలంటే మళ్ళీ దింపుకోవచ్చు, మన దగ్గర దాచుకోవడం దేనికి అనేది నా సిద్ధాంతం. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఈ సిద్ధాంతం చెప్పేదాన్ని.

మా అక్క చల్లపల్లి దగ్గర మా ఊళ్ళోనే ఉంటుంది. బావగారు కౌలుకు పొలం చేస్తారు, అక్క ఇంట్లో మిషను కుడుతుంది. మేం క్రైస్తవులం. మా ఊరి గుళ్ళో స్త్రీల సమాజం పాట అంటే మా అక్కే. మామూలుగా అక్కది పెద్ద నోరు, కోపం వస్తే రెండు వీధుల అవతలికి వినపడేది. ఆ నోరే గుళ్ళో పాట ఎత్తుకుంటే, పిల్లలను ఆడించడానికి బయటికి వెళ్ళిన తల్లులు కూడా లోపలికి వచ్చేవారు. నాకు పాట రాదు. అక్కను చూసి చిన్నప్పుడు కుళ్ళుకునేదాన్ని, పెద్దయ్యాక గొప్పలు చెప్పుకునేదాన్ని.

ఆ బృందంలో పదిహేనుమంది ఆడవాళ్ళు ఉంటారు. సగం మందికి చదువు రాదు. కీర్తనల పుస్తకం అందరూ పట్టుకుంటారుగానీ కొందరికి అది పట్టుకోవడానికే. అందుకని అర్ధచంద్రాకారంలో నిలబడతారు, ఒక చివర అక్క ఉంటుంది, తన నోరు అందరికీ కనపడేట్టు. ఒక చరణం అయిపోగానే అందరూ అటు తిరుగుతారు. తర్వాతి చరణంలో మొదటి మాట అక్క అనగానే వాళ్ళు అందుకుంటారు. దీన్ని మా ఊళ్ళో మాట అందించడం అంటారు. ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్నదే కాబట్టి దాని గురించి నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఐదేళ్ళ కిందట అక్కకు మెడలో థైరాయిడ్ గడ్డకు ఆపరేషన్ చేశారు. గడ్డ పోయింది, దానితోపాటు గొంతూ పోయింది. నరం దెబ్బతింది, ఆరు నెలల్లో దానంతటదే వస్తుందన్నారు. రాలేదు. ఇప్పటికీ అక్క మాట్లాడితే గాలి వస్తుంది, శబ్దం రాదు. దగ్గరికి వెళ్ళి చెవి పెడితేగానీ తెలియదు. ఫోనులో మాట్లాడటం అప్పుడే మానేసింది.

తన చోటు ఇంకెవరికైనా ఇమ్మని చెప్పి అక్క గుళ్ళో వెనక్కి వెళ్ళి కూర్చుందట. బృందంలో అందరికన్నా పెద్దావిడను మేం పెద్దమ్మ అంటాం. ఆవిడ పాట మధ్యలో వదిలేసి వెళ్ళి అక్క చెయ్యి పట్టుకుని లేపిందట. గొంతు పోతే నోరు లేదా, నువ్వు నోరు కదుపు, మేం చూసి అందుకుంటాం అందట. అప్పటినుంచి అక్క మళ్ళీ తన చివరి చోట్లో నిలబడి, శబ్దం లేకుండా పెదవులతోనే మాట అందించేది. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. అక్క మళ్ళీ పాటల్లో నిలబడుతోందని బావగారు చెబితే, పోనీలే, కాస్త పొద్దుపోతుంది అనుకున్నాను.

మూడేళ్ళ కిందట, ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టలాదివారం ఆరాధనను మా గుడి పాస్టరు అయ్యగారు తన యూట్యూబ్ ఛానల్లో పెట్టారు. అక్కా బావగార్లవి రెండూ బటన్ల ఫోన్లే. బృందంలో ఎవరి ఫోనులోనో అక్క ఆ పాటలను రెండు నిమిషాలు చూసిందట. అదే వారంలో లైనింగు గుడ్డలూ దారాలూ కొనడానికి వన్‌టౌన్ వచ్చి, అటునుంచి షాపుకు వచ్చింది. ఛానల్ పేరు ఎవరిచేతో చీటీ మీద రాయించుకుని తెచ్చింది. ఆ ఆదివారం పాడిన ఏడు పాటలూ తన ఫోనులో ఎక్కించమంది.

షాపులో హాల్‌టికెట్ల జెరాక్సులకు వచ్చిన పిల్లలు తోసుకుంటున్నారు. అక్క ఫోను కార్డు చూస్తే ప్రసంగాలతో, పాత పాటలతో నిండిపోయి ఉంది. అందులో ఏదీ తీయొద్దంది. మిగిలిన కాస్త చోటులో ఏడు వీడియోలు పట్టవు. కొత్త కార్డు పెట్టి ఇవ్వవచ్చు. నా వెనక బీరువాలో ఉన్నాయి కూడా. లేచి తీయాలి, పాతవన్నీ అందులోకి మార్చాలి, ఒక అరగంట పని. ఎవరో ముక్కూ మొహం తెలియని లారీ డ్రైవరు అడిగితే చేసిపెట్టేదాన్ని. సొంత అక్క కాబట్టి ఎలా ఇచ్చినా పుచ్చుకుంటుందని 'ఆడియో మాత్రమే' నొక్కాను.

అక్క నా భుజం మీదుగా వంగి తెర చూసింది. "బొమ్మ రాదా?" అని చెవి దగ్గర అడిగింది.

"పాట వినపడితే చాలదా అక్కా? మిషను కుడతా బొమ్మ ఎక్కడ చూస్తావ్?" అన్నాను, తల తిప్పకుండానే.

సరేలే అన్నట్టు తల ఊపింది. మా ఆయన తెప్పించిన టీ తాగి, బస్సుకు వేళయిందని వెళ్ళిపోయింది. ఏడు వీడియోలూ ఏడు పాటలయ్యాయి. అసలువి వాటంతటవే చెరిగిపోయాయి. ఏడూ కలిపి ఎంత తక్కువ చోటు పట్టాయో మా ఆయనను పిలిచి మరీ చూపించాను.

రెండు నెలలు గడిచాక అక్క పాటల్లో నిలబడటం మానేసిందని తెలిసింది. మోకాళ్ళ నొప్పులంది. తర్వాత కొన్నాళ్ళు వెనక కూర్చుంది. ఆ తర్వాత గుడికే వెళ్ళడం లేదు, కుట్టుపని ఎక్కువగా ఉందట. పెళ్ళిళ్ళ రోజులు, నిజమే అనుకున్నాను. నిజం కాదని ఎక్కడో అనిపించినా ఊరికి వెళ్ళి అడిగే తీరిక చేసుకోలేదు. చివరికి బావగారే ఫోను చేశారు. ఆయన ఎప్పుడూ నాకు సొంతంగా ఫోను చేసిన మనిషి కాదు. ఇంట్లో ఆ కాస్త గాలి మాట కూడా మానేసిందనీ, ఏం కావాలన్నా వేలితో చూపిస్తోందనీ చెప్పారు.

"నువ్విచ్చిన పాటలే పెట్టుకుంటందమ్మా. అయిపోతే మళ్ళీ మొదటికి పెట్టిద్ది. ఇదివరకు పాటొస్తే నోరు కదిపేది. ఇప్పుడు ఊరికే వింటంది" అన్నారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. పామర్రులో సీటు దొరికింది. కూచిపూడి దాటేవరకూ అక్కను ఎలా తిట్టాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. నాకు బాధ వచ్చినా భయం వేసినా ముందు బయటపడేది కోపమే, అది మా ఇంటి జబ్బు. అక్క మిషను ముందు కూర్చుని జాకెట్టు చేతులు కలుపుతోంది. గుడికి ఎందుకు వెళ్ళడం లేదు, మాట ఎందుకు మానేశావు, గొంతు పోయినప్పుడు లేని పంతం ఇప్పుడెందుకు అని గుమ్మంలోనే మొదలుపెట్టాను. అక్క నన్నంతా అననిచ్చింది. తర్వాత ఫోను తీసి పాట పెట్టి, స్టూలు చూపించి కూర్చోమంది. పాట మొదటినుంచి చివరిదాకా ఇద్దరం విన్నాం.

అయిపోయాక నా దగ్గరికి జరిగింది. "ఇందులో నేనెక్కడున్నానే?" అంది.

నాకు అర్థం కాలేదు. అక్క ఊపిరి తీసుకుని మళ్ళీ చెప్పింది. అన్ని మాటలు ఒక్కసారి చెప్పడానికి తనకు చాలా కష్టం.

"నాకు గొంతు లేదని నాకు తెల్సు. నేను లేకపోతే పాటకేదో లోటొచ్చిద్దనుకున్నా. రోజూ వింటన్నా. ఎక్కడా లోటు లేదు."

నేను పాట మళ్ళీ పెట్టాను, ఎక్కడైనా ఒక తడబాటు దొరకదా అని. దొరకలేదు. అందరూ ఒక్క గొంతుతో బాగా పాడారు. ఒక చరణం నుంచి ఇంకో చరణంలోకి ఎక్కడా తొట్రు లేకుండా వెళ్ళారు. ఆ వెళ్ళడం ఎలా జరిగిందో పాటలో వినపడదు.

బస్సుకు వచ్చేటప్పుడు పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. అక్క పెదవులు చూసి వాళ్ళు మాట అందుకునేవారన్న సంగతి అప్పుడు చెప్పింది ఆవిడ. ఆమె నోరు చూడకపోతే మాకు రెండో చరణమే తెలియదమ్మా అంది. ఈ మాట అక్కకు చెప్పలేదా అని అడిగాను. చెప్పారట, ఒకసారి కాదు, నలుగురు కలిసి వెళ్ళి చెప్పారట. జాలిపడి చెబుతున్నారని అక్క నమ్మలేదట. పాట చెవితో విన్న మనిషికి నోటి మాట ఏం ఆనుతుంది?

నాకైతే ధైర్యం వచ్చింది. వీడియోలో అంతా ఉంటుంది కదా. ప్రతి చరణం ముందూ పద్నాలుగు తలలు అక్కవైపు తిరగడం, అక్క పెదవి కదలడం, వాళ్ళు ఎత్తుకోవడం. అది ఒక్కసారి చూపిస్తే చాలు. అంతకు మించిన సాక్ష్యం ఏముంటుంది? మళ్ళీ అక్క ఇంటికి వెళ్ళి, వారం తిరక్కుండా బొమ్మతో సహా తెస్తానని అక్కకు మాటిచ్చాను. అక్క మిషను ఆపి నావైపు చూసింది. ఆ చూపులో ఆశ ఉంది. నేను మళ్ళీ చూడలేదు దాన్ని.

షాపుకు వచ్చి ఛానల్ పేరు కొట్టాను. లేదు. ఇంగ్లిషులో కొట్టాను, తెలుగులో కొట్టాను, ఊరి పేరుతో కొట్టాను. అయ్యగారికి బదిలీ అయిందనీ, వెళుతూ ఆ ఛానల్ తీసేశారనీ, కొత్త అయ్యగారు వేరే ఛానల్ పెట్టుకున్నారనీ తెలిసింది. పాత అయ్యగారికి ఫోను చేశాను. ఆయన ఫోను మార్చారట, పాతది పోయిందట, నాకంటే ఎక్కువ నొచ్చుకున్నారు. బృందంలో ఫోన్లున్న వాళ్ళందరినీ అడిగాను. అందరూ చూశారు, ఎవరూ దింపుకోలేదు. నెట్‌లో ఉంటుందిగా అనుకున్నామన్నారు. నా సిద్ధాంతం అంత దూరం పాకిందని నాకు తెలియదు.

ఇక మిగిలింది నా కంప్యూటరే. చెరిపిన ఫైళ్ళను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేరు ఒకటి తెచ్చి నాలుగు రోజులు నడిపించాను. ఎప్పుడో చెరిపిన సినిమాల ముక్కలు వచ్చాయి, ఎవరివో పెళ్ళిళ్ళు వచ్చాయి. ఆ ఏడింటిలో రెండింటి పేర్లు మాత్రం వచ్చాయి. నొక్కితే తెరుచుకోలేదు. వాటి మీద నేనే వందల వీడియోలు దింపాను మరి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు వెళ్ళి ఆ గడిలో టిక్కు తీసేశాను. ఆ ఆదివారానిది లోకంలో ఇప్పుడు మిగిలి ఉన్నది నేను చేసిన ఆ ఏడు పాటలే, వాటిలో మా అక్క లేదు. ఆ రోజు మా ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. అక్కకు ఆ సంగతి చెప్పడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

మళ్ళీ తీద్దాం అన్నది నేనే. వచ్చే మట్టలాదివారం నువ్వు నిలబడు, నేనే వచ్చి తీస్తాను అని నెలల తరబడి బతిమాలాను. పెద్దమ్మ కూడా వెళ్ళి కూర్చునేది. ఆవిడ మాట కాదనలేక అక్క చివరికి ఒప్పుకుంది. అక్క మానేశాక మాట అందించడానికి ఒక అమ్మాయికి మైకు ఇచ్చారు. ఆ రోజుకు ఊరుకోమని పెద్దమ్మ ఆ పిల్లకు ముందే చెప్పింది. అక్క తెల్లచీర కట్టుకుని, ఈత మట్ట పట్టుకుని, తన చివరి చోట్లో నిలబడింది. నేను ఫోనులో ఉన్నవాటిలోకెల్లా పెద్ద సైజు పెట్టి, పదిహేనుమందీ పట్టేట్టు ఎదురుగా నిలబడ్డాను. నాలుగు చరణాల పాట. ఎక్కడా ఆగకుండా పాడారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి, పని అయిందనుకున్నాను.

ఆరాధన అయ్యాక గుడి అరుగు మీద కూర్చుని అక్కకు చూపించాను. ఎండ పడకుండా కొంగు అడ్డం పట్టుకుని చూసింది. నేనూ అప్పుడే చూశాను. బొమ్మ ఎంత బాగా వచ్చిందంటే చీరల అంచులు కూడా తెలుస్తున్నాయి. మొదటి చరణం అయింది. అక్క పెదవులు కదిలాయి. ఎవరూ అటు తిరగలేదు. వీడియో తీస్తున్నారని అందరూ తిన్నగా నావైపే, నా ఫోనువైపే చూస్తున్నారు. ఒక క్షణం వెలితి పడబోయింది, మైకు దగ్గరి పిల్ల అలవాటుకొద్దీ మాట అనేసింది, వాళ్ళు అందుకున్నారు. తీసేటప్పుడు నేనది పట్టించుకోనే లేదు. మూడో చరణం ముందు కూడా అక్క పెదవులు కదిలాయి. పెద్దమ్మ కూడా నావైపే చూస్తోంది, మాట మళ్ళీ ఆ పిల్లే అంది. ఆ తర్వాత అక్క నోరు మూసుకుంది. నాలుగో చరణం ముగిసేదాకా, చేతిలో మట్టతో, మూసిన నోటితో అలాగే నిలబడి ఉంది.

అక్క చివరిదాకా చూసి ఫోను నా చేతికి ఇచ్చింది. గుడి ముందు ఆడవాళ్ళంతా గుమిగూడి, ఎన్నాళ్ళకు మళ్ళీ అందరం కలిసి పాడామని సంతోషపడుతున్నారు. పెద్దమ్మ దూరంనుంచే ఎలా వచ్చిందని చెయ్యి ఊపి అడుగుతోంది.

"మూడో చరణం కాడ నోరు మూసేశా. ఎవరన్నా చూశారా?" అని అడిగింది అక్క.

చూశారని చెబుదామనుకున్నాను. ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు, ఫోను కదలకుండా పట్టుకోవడంలో ఉన్నాను.